బ్రేకు మేడం, చిన్న టీచరు

ఆ ఊళ్లో కారు నడిపే ఆడవాళ్లలో సగం మంది ఆవిడ చేతి కింద నేర్చుకున్నవాళ్లే. మగవాళ్లలోనూ చాలామందే ఉన్నారు గాని, ఆ సంగతి వాళ్లు బయటికి చెప్పుకోరు. డ్రైవింగ్ నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ కాలు ఎప్పుడూ దాని మీదే ఉండేది. అందుకని బ్రేకు మేడం అన్న పేరు పడిపోయింది. నోరు పెద్దది. "స్టీరింగు పీక అలా పిసక్కు, దానికి ఊపిరాడొద్దూ!" అని కారు అద్దాలు అదిరేలా అరిచేది. పాఠం అయ్యాక మాత్రం, "రేపు ఇంకా బాగా వస్తుందిలే" అని భుజం తట్టి పంపేది.

ఆవిడ భర్తకి బజారు మొదట్లో సెలూన్ ఉండేది. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, ఎప్పుడూ ఆగని కబుర్లు. ఆయన తల మీద మాత్రం మచ్చుకైనా ఒక వెంట్రుక లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "మొత్తం పోగొట్టుకున్నాకే కదా బాబూ, దాని విలువ తెలిసింది. మీ జుట్టుని నాకంటే గౌరవంగా చూసేవాడు ఇంకొకడుండడు" అనేవాడు.

వాళ్లకి ఒక్కడే కొడుకు. ఇరవై దాటాయి. ఒక సరుకుల కంపెనీలో వ్యాను నడిపేవాడు. మాటకి పిసినారి. అడిగితే జవాబు చెప్పేవాడు, లేకపోతే లేదు. తండ్రి నోరు, తల్లి నోరు చూసి, "పోనీలెండి, ఇంట్లో వినేవాడు కూడా ఒకడుండాలి" అని చుట్టాలు నవ్వేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున ఆ కొడుకు వ్యాను తీసుకుని బజారు వీధిలోకి వచ్చాడు. ఆ రోజు సంత. వీధి నిండా జనం. వాడు ఆపలేదు. చేతకాక కాదు, ఆపకూడదనే ఆపలేదు. తొమ్మిది మంది పోయారు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు ఇంకా ఎక్కువ. ఎందుకు చేశావురా అని పోలీసులు అడిగారు, జడ్జి అడిగాడు, తల్లి అడిగింది. "కోపం వచ్చింది" అన్నాడు. ఎవరి మీద అంటే తల దించుకున్నాడు. చచ్చేదాకా జైల్లోనే ఉండాలని తీర్పు వచ్చింది.

వాడు జైలుకి పోయాడు. ఊరి నోటికి మిగిలింది వీళ్లిద్దరూ.

"కొడుక్కి బండి నేర్పింది గాని బుద్ధి నేర్పలేదు" అన్నారు ఆవిణ్ణి. ఆ మాట ఎవరు మొదట అన్నారో గాని, అందరి నోటా అదే. ఆవిడకి ఎదురు చెప్పే దారి కూడా లేదు. వాడి చేత మొట్టమొదట క్లచ్ తొక్కించింది ఆవిడే. ఎంత తొందరగా పట్టుకున్నాడో అని మురిసిపోయి, ఆ సాయంత్రం వీధిలో నలుగురికీ చెప్పుకుంది కూడా. సెలూన్ సంగతి మరీ సులువుగా తేలిపోయింది. కొడుకు చేసిన పని చూశాక తండ్రి కత్తి కింద పీక పెట్టేదెవరు? ఖాళీ కుర్చీలు తుడిచీ తుడిచీ విసిగి, ఆయన ఒకరోజు షట్టరు దించేసి వచ్చాడు. కారు మీద ఆవిడ టార్పాలిన్ కప్పేసింది.

ఇంట్లోనూ గొడవే. కొన్నాళ్లు ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందన్న మాట దగ్గర మొదలై అసలు సంగతి బయటపడింది.

"నువ్వు వాడి మీద అరిచి అరిచి వాడి నోరు నొక్కేశావు" అన్నాడు ఆయన.

"మీరు వెనకేసుకొచ్చి వెనకేసుకొచ్చి చెడగొట్టారు" అంది ఆవిడ.

చాలాసేపు అరుచుకున్నారు. ఓపికలు అయిపోయాక ఆయన అన్నాడు: "సరే, పంచుకుందాం. తప్పు సగం నీది, సగం నాది."

"మరి వాడిదో?" అంది ఆవిడ.

ఆయన కంచం ముందుకి లాక్కున్నాడు. ఆ ఉప్పుకూరే ఇద్దరూ తినేసి లేచారు. ఆ తర్వాత మళ్లీ ఆ పోట్లాట రాలేదు.

ఊరి చివర వృద్ధాశ్రమంలో జుట్టు కత్తిరించే పని ఆయనకి దొరికింది. "అక్కడ సగం మందికి పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, నా సంగతేం గుర్తుంటుంది?" అనేవాడు. ఆవిడ ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుట్టేది. నెలకోసారి బస్సెక్కి జైలుకి వెళ్లి కొడుకుని చూసి వచ్చేది. ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆవిడ రమ్మనలేదు. నవ్వడం మాత్రం ఇద్దరూ మానేశారు. నవ్వు వినపడితే వీధిలోవాళ్లు ఏమనుకుంటారోనని కిటికీలు వేసుకుని మరీ మానేశారు.

అలా రెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసి చూస్తే చిన్న టీచరు.

ఆ ఊళ్లో పెద్ద టీచరు, చిన్న టీచరు అని అక్కచెల్లెళ్లు ఇద్దరు ఉండేవాళ్లు. ఒకే బళ్లో చెప్పారు, ఒకే ఇంట్లో ఉన్నారు, పెళ్లీ గిళ్లీ పెట్టుకోలేదు. అరవై దాటి రిటైరై జుట్టు తెల్లబడ్డా చిన్నావిడ చిన్న టీచరే. కారు అక్క నడిపేది. చెల్లెలు పక్కన కూర్చుని సంచీ పట్టుకుని తప్పు దారి చెప్పేది. ఆ ఆదివారం పెద్ద టీచరు కాలీఫ్లవర్ కొనడానికి సంతకి వెళ్లింది. ఆ తొమ్మిది మందిలో ఆవిడ ఒకరు.

బ్రేకు మేడం తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. రెండేళ్లుగా ఎవరో ఒకరు ఇలా గుమ్మంలోకి వస్తారనీ, చెంప పగలగొడతారనీ ఎదురుచూస్తూనే ఉంది. ఒక్కోసారి రాకపోతేనే బాధగా ఉండేది.

"లోపలికి రానిస్తావా, ఎండలో నిలబెడతావా?" అంది టీచరు.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, సూటిగా విషయానికి వచ్చింది. "నాకు డ్రైవింగ్ నేర్పు."

"టీచరుగారూ..."

"అక్కయ్య కారు షెడ్డులో తుప్పు పట్టిపోతోంది. బస్సెక్కాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఊళ్లో మూడు డ్రైవింగ్ స్కూళ్లూ నావల్ల కాదని చేతులెత్తేశాయి. ఒకడైతే, 'అమ్మా, మీకు మనవడి వయసువాణ్ణి, నాకింకా పెళ్లి కాలేదు, నన్ను బతకనివ్వండి' అని దణ్ణం పెట్టాడు."

"నేను మీకు నేర్పడం ఏం బాగుంటుందండీ? నా మొహం ఎలా చూస్తారు మీరు?"

"నేను చూడాల్సింది రోడ్డు. నీ మొహం కాదు."

"మీరు నన్ను క్షమించి..."

"ఆగాగు" అంది టీచరు వేలెత్తి. నలభై ఏళ్లు బళ్లో తిరిగిన వేలు అది. "క్షమించడానికి వచ్చానని ఎవరు చెప్పారు? ఆ పని నావల్ల అవుతుందో లేదో నాకే తెలీదు. నేను రివర్సు నేర్చుకోడానికి వచ్చాను. ఊళ్లో నన్ను పొమ్మనలేనిదానివి నువ్వొక్కదానివే. అందుకని వచ్చాను."

వంటింటి గుమ్మంలో టీ కప్పుతో నిలబడ్డ సెలూన్ ఆయన గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది. రెండేళ్ల తర్వాత వచ్చిన నవ్వు, పాపం దారి తెలియక దగ్గయిపోయింది.

మర్నాడు టార్పాలిన్ తీశారు. బ్యాటరీ చచ్చిపోయింది, టైర్లలో గాలి లేదు. మెకానిక్ వచ్చి బాగుచేస్తున్నంతసేపూ ఆయన చుట్టూ తిరుగుతూ అద్దాలు తుడిచాడు. మూసేసిన మిల్లు వెనక పెద్ద ఖాళీ జాగా ఉంది. అక్కడికి కారు తీసుకెళ్లేసరికి బ్రేకు మేడం జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఆ స్టీరింగు ముందు కూర్చోగానే, ఒకప్పుడు అక్కడే కూర్చుని నేర్చుకున్న కొడుకు మొహం కనబడింది ఆవిడకి. పెదవి కొరుక్కుంటూ, శ్రద్ధగా. దాన్ని పక్కకి తొయ్యలేదు. ఉండనిచ్చింది. బండి మాత్రం మెల్లగా నడిపింది.

ఇక చిన్న టీచరు డ్రైవింగ్ గురించి చెప్పాలంటే, ఆ మూడు స్కూళ్లవాళ్లనీ తప్పుపట్టలేం. మలుపు తిరగాలంటే వైపర్లు వేసేది. వైపర్లు వేయమంటే హారన్ కొట్టేది. కారుతో మాట్లాడేది. "ఏమే, చెప్తే వినవేం? మొదటి గేరన్నానా లేదా?" అని దాన్ని గద్దించేది. అది గుర్రుమంటే, "ఎదురు చెప్పకు" అనేది. ఎంత నెమ్మదిగా నడిపేదంటే, ఒక కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, కారుని దాటి వెళ్లి, ముందు నీడలో మళ్లీ పడుకుంది.

"టీచరుగారూ, కొంచెం యాక్సిలేటర్ తొక్కండి. ఆ కుక్కకి మన మీద గౌరవం పోయింది."

"దాని తొందర దానిది. దానికి పెళ్లి చూపులున్నాయేమో!"

బ్రేకు మేడం నవ్వింది. కడుపులోంచి వచ్చేసింది. సగంలో గుర్తొచ్చి చేత్తో నోరు మూసుకుంది. నేనేమిటి, ఈవిడ పక్కన కూర్చుని నవ్వడమేమిటి అనుకుంది.

టీచరు కారాపింది. ఆపడం అంటే, ఇంజను ఆగిపోయింది. "మా అక్కయ్య ఎంత బాగా నవ్వేదో తెలుసా నీకు? పక్కింటి కుండల్లో నీళ్లు కదిలేవి" అంది. "అక్కయ్య పోయాక ఇంట్లో ఆ చప్పుడు లేదు. రేడియో పెట్టుకుంటున్నాను. నువ్వు నవ్వితే నాకు కోపం రాలేదు. వస్తే చెప్తాలే, దాచుకోను."

ఆ మాట నిలబెట్టుకుంది కూడా. కొన్ని రోజులు నిజంగానే కోపంగా వచ్చేది. ఒక్క ముక్క మాట్లాడేది కాదు, పాఠం కాగానే తలుపు ధడాల్న వేసి పోయేది. బ్రేకు మేడం ఆ రోజుల్లో అరిచేది కాదు. అది గమనించి టీచరు ఒకసారి, "ఏం, ఇవాళ నోరు పడిపోయిందా? తప్పు చేస్తే అరవాలి. ఊరికే జాలి చూపిస్తే నాకు రివర్సు ఎలా వస్తుంది?" అని తనే అరిచింది.

మిల్లు జాగా దాటి రోడ్డెక్కేసరికి ఊరికి తెలిసిపోయింది. ఒకరోజు సందు మలుపులో చెప్పుల కొట్టాయన కారుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆ ఆదివారం అతని తమ్ముడి కాలు పోయింది.

"టీచరుగారూ, మీకేమైనా మతి పోయిందా? తెలిసి తెలిసి ఈవిడ దగ్గరా?"

"ముందు నువ్వు పక్కకి జరుగు నాయనా" అంది టీచరు కంగారుగా. "నాకింకా బ్రేకు సరిగ్గా రాలేదు!"

ఆయన ఎగిరి అరుగు మీదికి దూకాడు. బ్రేకు మేడం తన బ్రేకు తొక్కేసింది. కారు ఆగింది. ఆ తర్వాత ముగ్గురికీ, టీచరు అన్న మాట ఏమిటో ఒక్కసారే అర్థమైంది. చెప్పుల కొట్టాయన అరుగు దిగాడు. తల తిప్పుకుని కొట్లోకి వెళ్లిపోయాడు.

టీచరు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. వెనక ఒక ఆటో హారన్ కొట్టింది. బ్రేకు మేడం దిగి, "దాటుకుని పో నాయనా" అని చెయ్యి ఊపి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక నీళ్ల సీసా మూత తీసి పట్టుకుంది.

"నీకు తెలుసా?" అంది టీచరు చివరికి, తల ఎత్తకుండానే. "వాడు అలా చేస్తాడని నీకేమైనా అనిపించిందా? నిజం చెప్పు."

"లేదండీ. ఆ ముందు రోజు మా వంటింట్లో కుళాయి కారుతుంటే బాగుచేశాడు. ఆ పొద్దున వాడి చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. టిఫిన్ తిని కంచం కడిగి పెట్టాడు. నాకేమీ తెలియలేదు. తల్లినయ్యుండి తెలుసుకోలేకపోవడమే నా తప్పేమోనని రోజూ అనుకుంటాను."

టీచరు సీసా అందుకుని నీళ్లు తాగింది. "నాలుగో తరగతిలో వాడు నా క్లాసే. మూడో బెంచీ. లెక్కలు బాగా చేసేవాడు. నేనూ రెండేళ్లుగా ఆ మూడో బెంచీని తవ్వుతూనే ఉన్నాను, ఏమైనా కనబడుతుందేమోనని." ముక్కు తుడుచుకుంది. "ఏమీ కనబడలేదు. ఒకసారి పక్కవాడి రబ్బరు తీసుకున్నాడు, అంతే. రబ్బరు తియ్యని పిల్లాడెవడు? సరే పద. ఇప్పుడు ఏ గేరు?"

"మొదటిదండీ."

"అదెక్కడుందో?"

టీచరు లైసెన్సు పరీక్షకి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి కారు గీతల మధ్య పెట్టమంటే గీతల మీద పెట్టింది. పైగా ఇన్‌స్పెక్టరు తన పాత స్టూడెంటని గుర్తుపట్టి, "ఏరా, ఏడో ఎక్కం ఒక్కసారైనా సరిగ్గా చెప్పావురా నువ్వు? నాకు మార్కులేసేవాడివయ్యావా?" అంది. రెండోసారి పచ్చలైటు పడ్డాక కూడా కదల్లేదు, ఎందుకమ్మా అంటే ఆ ఎర్ర లైటు మరీ తొందరగా పోయిందని జాలి వేసిందట. మూడోసారి నెగ్గింది. ఇన్‌స్పెక్టరు కారు దిగి, చెమట తుడుచుకుని, "రివర్సు మాత్రం అద్భుతం మేడం, ఎవరు నేర్పారు?" అన్నాడు. టీచరు గేటు దగ్గర నిలబడ్డ ఆవిణ్ణి చూపించింది. ఆయన మొహం మారింది. కాసేపు కాగితాలు సర్దుకుని, "బాగా నేర్పారు" అని గొణిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం టీచరు తన అక్క కారులో, తనే నడుపుకుంటూ వాళ్ల గుమ్మం ముందుకి వచ్చింది. దిగలేదు. అద్దం దించి మాట్లాడింది.

"నెలనెలా వాణ్ణి చూడ్డానికి వెళ్తావట కదా?"

"వెళ్తానండీ."

"బస్సులోనా? ఇంట్లో కారు పెట్టుకునా?"

బ్రేకు మేడం తల దించుకుంది. కారులో వాడి దగ్గరికి వెళ్లడానికి మనసు రాలేదని ఎలా చెప్పాలో తెలియలేదు.

"చూడమ్మాయ్, నేను రాను. వాడి మొహం చూడను. వాడి సంగతులు నాకు చెప్పకు కూడా. కానీ నువ్వు వెళ్లడం మానకు. అంత దూరం ఆ డొక్కు బస్సులో పడి వెళ్లకు." అద్దం సగం ఎత్తి మళ్లీ దించింది. "మంగళవారం వస్తాను. కొండదారి నేర్పుదువుగాని." రివర్సులో, ఒక్క చోట కూడా ఆగకుండా, సందు చివరిదాకా వెళ్లిపోయింది. ముందుకి వెళ్లే దారి ఖాళీగానే ఉంది గాని, వచ్చిన విద్య చూపించుకోవద్దూ!

ఆ తర్వాత వృద్ధాశ్రమంలో పనిచేసే నర్సు ఒకామె వచ్చింది, నేర్చుకుంటానని. ఆమెని చూసి ఆమె మరదలు వచ్చింది. ఊరంతా మారిపోయిందని కాదు. చెప్పుల కొట్టాయన ఇప్పటికీ పలకరించడు. వాళ్లింటి గోడ మీద ఒకసారి ఎవరో బూతు రాశారు. సెలూన్ ఆయన సున్నం కొడుతూ, "అక్షరదోషాలైనా లేకుండా రాయొచ్చు కదా, చిన్న టీచరు చూస్తే ఏమైపోతారు?" అన్నాడు. ఆవిడ కిటికీ తెరిచే నవ్వింది.

జైలుకి వెళ్లే రోజు ఆవిడ కారు తుడుస్తుంటే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

"నువ్వెక్కడికో నేనూ అక్కడికే."

ఆవిడ ఎక్కి తాళం తిప్పింది. దారి పొడుగునా ఆయన కాలు కుదురుగా లేదు. ఎదురుగా లారీ కనబడితే చాలు, తన వైపు బ్రేకు తొక్కేవాడు. కారు గిలగిల్లాడేది.

"కాలు తీస్తారా, దింపేయమంటారా?"

"ఇక్కడ పెట్టిందెందుకు మరి? తొక్కడానికేగా!"

"భయపడేవాళ్ల కోసం కాదు, నేర్పేవాళ్ల కోసం."

"భయపడకుండా నీకు నేర్పేవాడు ఇంకా పుట్టలేదు గాని, రోడ్డు చూడు తల్లీ."

జైల్లో గాజు పలకకి అవతల కొడుకు కూర్చున్నాడు. చిక్కిపోయాడు. తండ్రిని చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆయన రెండేళ్లుగా మనసులో ఎన్నో మాటలు పేర్చి పెట్టుకున్నాడు. ఎందుకు చేశావురా, మేమేం తక్కువ చేశాంరా, ఆ తొమ్మిది మందీ ఏం పాపం చేశారురా అని. అవతలి మొహం చూశాక అవన్నీ ఎటు పోయాయో! ఆయన కళ్లు అలవాటుగా కొడుకు తల మీదికి పోయాయి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం, చెవి వెనక ఎలక కొరికినట్టు.

"ఎవడ్రా నీకీ క్రాపు చేసింది?" అన్నాడు.

కొడుకు తల తడుముకున్నాడు. "లోపలే ఒకడున్నాడు నాన్నా. దొంగతనం కేసులో వచ్చాడు."

"అందుకేనేమో, సగం జుట్టు ఎత్తుకుపోయాడు వెధవ."

కొడుకు పెదవులు కదిలాయి. నవ్వబోయి ఏడ్చాడు. పసిపిల్లాడిలా, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. "నాన్నా, నేను..." అన్నాడు. తల్లి గాజు మీద చెయ్యి పెట్టింది. తండ్రి మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు:

"నువ్వు చేసింది మాఫీ చేసే హక్కు నాకు లేదు. అది నా చేతిలోది కాదు. వచ్చే నెల మళ్లీ వస్తాను. చెప్పాలనుకున్నది అప్పటికి కూడబలుక్కో. ఎన్ని నెలలు పట్టినా సరే."

తిరుగుదారిలో ఆయన బ్రేకు తొక్కలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ రోడ్డు చూసుకుంటూ నడిపింది. చాలా దూరం వచ్చాక రోడ్డు పక్కన చిన్న టీ కొట్టు కనబడితే ఆపింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. కొట్టు ఆయన పాలు మరగబెడుతూ, కబుర్ల మనిషిలా ఉన్నాడు, ఎక్కడినుంచి వస్తున్నారు, ఎండలెలా ఉన్నాయి అని అడుగుతూ, "పిల్లలెంతమంది?" అన్నాడు.

ఈ ప్రశ్నకి ఈ రెండేళ్లలో వాళ్లు చెప్పని అబద్ధం లేదు. లేరన్నారు, దూరదేశంలో ఉన్నాడన్నారు. ఆవిడ అలవాటుగా నోరు తెరిచేలోపు ఆయన అన్నాడు:

"ఒక్కడే. జైల్లో ఉన్నాడు. చాలా పెద్ద తప్పు చేశాడు. చూసి వస్తున్నాం."

కొట్టు ఆయన గరిట ఆగింది. ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. పొంగబోతున్న పాలు దించి పక్కన పెట్టాడు.

"అలాగా" అన్నాడు. కాస్త ఆలోచించి, "పంచదార ఎక్కువ వెయ్యమంటారా?" అన్నాడు.

"వెయ్యి నాయనా" అంది బ్రేకు మేడం. "ఇద్దరికీ వెయ్యి."

టీ మరీ పాకంలా ఉంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, నవ్వుకుని, చివరి చుక్కదాకా తాగారు.